మన ఊళ్ళ పేర్లు – పటములపై మన లిపి

(పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి సంఘము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ వేదిక నుండి మాతృభాషా బోధనను గూర్చియు, ఉపాధ్యాయుల నియామకమును గూర్చియు, పాఠ్యపుస్తకములు వేళకు అందుటను గూర్చియు ముచ్చటించుకొనుట మనకు పరిపాటి. అవి నేటికిని ముఖ్యములే. కాని ఈ యేడు సంఘము పక్షమున మేము మరొక విషయమును మీ ముందుంచదలచితిమి. అది పటములను గూర్చినది. కంప్యూటర్ల ద్వారా పటముల నందించు సాధనములలో ఇటీవలి సంవత్సరములలో వచ్చిన కొన్ని మార్పులు తెలుగు చదువుకొను మన బిడ్డలకు నేరుగా సంబంధించినవి. ఇది సాంకేతిక విషయము గదా, మనకేల యని మీరు తలంపవలదు. ఒక ఊరి పేరు పటముపై ఏ లిపిలో, ఏ రూపమున కనబడవలె ననునది ఇంజనీర్లు మాత్రమే తేల్చు ప్రశ్న కాదు. ఆ ఊరిలో కాపురముండు వారందరికిని అందు పాలు కలదు.

మన చిన్ననాట పటమనగా బడిగోడకు వ్రేలాడు గుడ్డపటము. ఒకసారి అచ్చయిన పిమ్మట దానిపై అక్షరము మారదు. నేడు పిల్లవాడు పటమును సెల్‌ఫోనులో చూచుచున్నాడు. ఆ పటము ముందుగా అచ్చువేసి యుంచినది కానక్కరలేదు. అడిగినప్పుడు అప్పటికప్పుడు గీయింపవచ్చును. ఎక్కడనో యున్న ఒక కంప్యూటరునకు ఈ ఫోను ఒక విన్నపము పంపును: ‘ఫలానా ప్రాంతము, ఫలానా కొలత, రోడ్లు, ఏరులు, ఊళ్ళ పేర్లు కావలెను’ అని. ఆ కంప్యూటరు తన వద్దనున్న సమాచారము నుండి రోడ్లను గీసి, ఏరులకు రంగువేసి, పేర్లను వ్రాసి, ఒక చిత్రముగా పంపును. పంక్తిలో కూర్చున్నవారు అడిగినది అడిగినట్లు వడ్డించు మనిషి వంటిది కనుకనే దానికి సర్వరు అను పేరు వచ్చినది. ఈ విన్నపములు ఏ రీతిగ నుండవలెనో తెలుపు ఉమ్మడి నియమావళి 2000 సంవత్సరమున వెలువడినది. దానివలన ఒక దేశపు సర్వరును మరొక దేశపు సాధనము అడిగినను జవాబు దొరకును.

ఇట్టి వడ్డన చేయు సాఫ్టువేరులలో రెండింటిని మాత్రము ఇచట పేర్కొందుము. మొదటిది మ్యాప్‌సర్వర్. ఇది అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1990 దశకపు నడుమ నాసా సహాయముతో జరిగిన పనిలో పుట్టినది. రెండవది జియోసర్వర్. ఇది 2001లో న్యూయార్కు నగరమున ఆరంభమైనది. రెండును ఉచితములు. వాని లోపలి వ్రాత ఎవరైనను చూడవచ్చును, దిద్దవచ్చును, తమ అవసరమునకు మలచుకొనవచ్చును. కనుక మన వంటి చిన్న సంఘము గాని, ఒక జిల్లా కార్యాలయము గాని వీనిని ధనవ్యయము లేక తెచ్చుకొనుటకు వీలున్నది.

ఇక తెలుగునకు వచ్చిన చిక్కేమో చెప్పెదము. కంప్యూటరులో ప్రతి అక్షరమునకును ఒక సంఖ్య కలదు. యూనికోడ్ అను ప్రపంచ ప్రమాణమున తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అయితే మన లిపిలో సంఖ్య వేరు, కంటికి కనబడు రూపము వేరు. ‘బ్రహ్మపురం’ అను మాటను తీసికొనుడు. పలుకునప్పుడు బ్ర, హ్మ, పు, రం అని నాలుగే అక్షరములు. కంప్యూటరు లోపల మాత్రము బ, పొల్లు, ర, హ, పొల్లు, మ, ప, ఉకారపు గుర్తు, ర, సున్న అని పది సంఖ్యలు. ఈ పదింటిని నాలుగు అక్షరములుగ కూర్చి, రావత్తు ఎచట వ్రాయవలె, మావత్తు ఎచట దిగవలె, కొమ్ము ఎచట తగులవలె నని నిర్ణయించుట ఒక ప్రత్యేకమైన పని. అక్షరము పక్కన అక్షరము పేర్చుకొనుచు పోవు ఆంగ్లలిపికి ఈ కూర్పు అంతగ అక్కరలేదు. మ్యాప్‌సర్వర్ పూర్వపు రూపములు ఆంగ్లలిపి పద్ధతినే ఎరిగియుండెను. అందుచేత తెలుగు పేరు నిచ్చినచో పొల్లులు విడిగా, వత్తులు లేక, గుణింతపు గుర్తులు చెదరి, చదువ నలవికాని వ్రాత వచ్చుచుండెను. ఒత్తులు నేర్చుకొనుచున్న మూడవ తరగతి బాలుడు అట్టి పటము చూచినచో తాను నేర్చినది తప్పో, పటము తప్పో తెలియక తికమకపడును.

2015లో వెలువడిన మ్యాప్‌సర్వర్ 7.0 ఈ లోపమును తీర్చినది. దానిలో హార్ఫ్‌బజ్ అను అక్షరసంయోజన సాధనమును చేర్చిరి. పది సంఖ్యలను నాలుగు అక్షరములుగ కూర్చు పనిని ఇదియే చేయును. తెలుగు, ఒడియా, తమిళము, కన్నడము, దేవనాగరి అన్నియు దీనివలన లబ్ధి పొందినవి. కుడి నుండి ఎడమకు వ్రాయు ఉర్దూ, అరబ్బీ వంటి లిపులకై ఫ్రీబీడీ అను మరొక సాధనము దీనికి తోడుగ పనిచేయును. ఒక్క తెలుగునకే కాక, ఆంగ్లేతర లిపులన్నిటికిని పటమున పీట వేసిన మార్పిది.

దానితోపాటు మరి రెండు మేలులు జరిగినవి. పేర్లను వ్రాయుటకు ఒకే ఫాంటును కాక, ఫాంట్ల వరుసను పేర్కొను వీలు కలిగినది. ముందున్న ఫాంటులో ఆ అక్షరము లేనిచో తరువాతి దానిలో వెదకును. కనుక ఒకే పటముపై ఒడియా పేరును, తెలుగు పేరును, ఆంగ్ల పేరును సరిగా వ్రాయవచ్చును. రెండవది, సమాచారము ఏ సంకేతపద్ధతిలో నున్నను, దానిని ముందుగ యూనికోడ్‌లోనికి మార్చుకొని పిమ్మట పని సాగించు ఏర్పాటు. పాత పద్ధతులలో దాచిన పేర్లు దీనివలన వ్యర్థము కావు.

అయితే ఒక హెచ్చరిక. ఈ అక్షరసంయోజన సాధనములు లేకుండ కూడ ఆ సర్వరును నిర్మింపవచ్చును. తెలుగు ఫాంటును దానిలో ఉంచకపోయినచో అక్షరములకు బదులు డొల్ల గళ్ళు కనబడవచ్చును. మంచి ఫాంట్లకు కొరత లేదు. లోహిత్, నోటో ఫాంట్లు ఉచితముగా లభించుచున్నవి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండి, సవర భాషకు మహోపకార మొనర్చిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి పేర కూడ ఒక ఉచిత తెలుగు ఫాంటు వెలసినది. మన ప్రాంతమున పాఠములు చెప్పిన గురువు పేరుగల అక్షరములతో మన ప్రాంతపు పటమును వ్రాయించుకొనగలుగుట ఎంత సంతోషకరము!

జియోసర్వర్‌లో వచ్చిన మార్పు మరియొక విధమైనది. 2021లో విడుదలయిన 2.20 రూపములో, పటములకును, వానిలోని పొరలకును ఇచ్చు శీర్షికలను, వివరణలను పెక్కు భాషలలో వ్రాసియుంచు సౌకర్యము చేర్చిరి. అడుగువారు తమకు ఏ భాష కావలెనో విన్నపములోనే తెలుపవచ్చును. తెలుగు అడిగినవారికి ‘నదులు, చెరువులు’ అనియు, ఒడియా అడిగినవారికి ఒడియాలోను ఒకే సర్వరు జవాబిచ్చును. పటముపై వ్రాయు ఊళ్ళ పేర్లను కూడ, కోరిన భాషను బట్టి ఎంచుకొను విధానము అందున్నది. పూర్వము తెలుగు పటమునకు ఒకటి, ఒడియా పటమునకు ఒకటి వేరువేరుగ నడుపవలసి వచ్చినచో, ఖర్చు పేరు చెప్పి చిన్న భాషను ప్రక్కకు నెట్టుట సులభము. ఇప్పుడు ఆ సాకు బలహీనపడినది.

2022లో వచ్చిన మ్యాప్‌సర్వర్ 8.0ను గూర్చి ఒక్కమాట. అందు భద్రత కొరకు కొన్ని కట్టుబాట్లు పెరిగినవి. అవి సర్వరు నడుపువారి పని. మన ఉపాధ్యాయులకు ఉపకరించునది వేరొకటి. పటమును చిత్రముగనే కాక, దానిలోని వస్తువుల జాబితాగ కూడ క్రొత్త నియమావళి ప్రకారము అడిగి తెప్పించుకొనవచ్చును. ఒక మండలములోని చెరువుల పేర్లన్నియు జాబితాగ వచ్చినచో, దానినే భూగోళపాఠముగను, పదజాల పాఠముగను, గుణింతపు అభ్యాసముగను వాడుకొనవచ్చును గదా.

ఇంతవరకు చెప్పినది సాధనముల మాట. ఇక అసలు మాటకు వచ్చెదము. వడ్డించువాడు ఎంత నేర్పరియైనను, వంటయింట లేనిదానిని వడ్డింపలేడు. సర్వరు తెలుగును ఎంత చక్కగా వ్రాయనేర్చినను, తెలుగు పేరు దాని సమాచారములో లేనిచో ఏమి వ్రాయును? ఆంగ్లలిపిలో నున్న పేరునే చూపును. ఆంగ్లలిపి మన పేర్లను పూర్తిగ మోయలేదు. అందు ‘ట’కును ‘త’కును, ‘డ’కును ‘ద’కును, ‘ళ’కును ‘ల’కును వాడుకలో తేడా నిలువదు. హ్రస్వదీర్ఘములు కలిసిపోవును. మన ఇరుగుపొరుగున నున్న పాతపట్నం పేరును ఆంగ్లమున చూచిన పరాయివాడు ‘పథపట్నం’ అని చదివిన ఆశ్చర్యమేమి? గడ్డ యేదో, గద్ద యేదో. వడ యేదో, వాడ యేదో ఆ లిపి చెప్పలేదు. అట్టి ఆంగ్లపు వ్రాతను యంత్రముచేత మరల తెలుగులోనికి మార్పించినచో తప్పు రెట్టింపగును.

పేర్లు తారుమారైన నేమి నష్టమని యడుగువారు కలరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా పలాస చేరువలో తీరమునకు తాకి, గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి ప్రాణనష్టము కలిగించినది. అట్టి వేళ దూరప్రాంతము నుండి వచ్చిన సహాయకుని చేతిలో నుండునది పటమే. ఫోనులో ఒక ముసలమ్మ తన పేట పేరును తన నోట తిరుగునట్లు చెప్పును. ఆ పేరు పటమున లేనిచో, లేదా గుర్తింపరాని రూపమున నున్నచో, పడవ మరొక పేటకు పోవచ్చును. కనుక ప్రజలు పిలుచు పేరు పటమున నుండుట అభిమానమునకే కాక ప్రాణరక్షణకును సంబంధించినది.

ఈ పేర్ల సేకరణలో మనవారికి పాత అనుభవమే కలదు. 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీ దొరగారి వద్ద ఏలూరు వాస్తవ్యులగు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి పనిచేసిరి. బొర్రయ్యగారు 1803లోనే చిన్న వయసున గతించినను, లక్ష్మయ్యగారు ఆ పనిని సాగించిరి. ఊరూర తిరిగి, కరణములను, పెద్దలను అడిగి, గ్రామముల వృత్తాంతములను తెలుగులో వ్రాయించిరి. నేడు మనము కైఫీయతులని పిలుచునవి అట్లు కూడినవే. కొలతగొలుసు దూరమును చెప్పినది. ఊరి నోరు పేరును చెప్పినది. రెండును కూడినప్పుడే పటము సంపూర్ణమైనది.

నేడు ఆ పనికి దొరగారి కొలువు అక్కరలేదు. 2004లో ఇంగ్లండున మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ఉమ్మడి పటమున ఎవరైనను తమకు తెలిసిన స్థలమును, దాని పేరును నమోదు చేయవచ్చును. అందు ప్రతి స్థలమునకును స్థానికముగ వాడుకలో నున్న పేరునకు ఒక గడి, దాని ప్రక్క తెలుగు, ఒడియా, ఆంగ్లము మొదలగు భాషలకు వేరువేరు గళ్ళు కలవు. ఎవరు ఎప్పుడు ఏమి మార్చిరో చరిత్ర నిలిచియుండును. మూలమును పేర్కొనుట మొదలగు షరతులకు లోబడి, ఆ సమాచారమును దించుకొని, ఇంతకు ముందు చెప్పిన సర్వర్లలో ఎవరైనను నింపుకొనవచ్చును. అనగా మన బాలిక ఒకతె నేడు వ్రాసిన చెరువు పేరు, రేపు ఒక కార్యాలయపు పటమున కనబడవచ్చును.

కనుక తల్లిదండ్రులకు మా విన్నపములు మూడు.

మొదటిది, ఇంటిలో చేయదగినది. మీ పిల్లలను తాతల వద్ద, అమ్మమ్మల వద్ద కూర్చుండబెట్టుడు. మన వీధులకు, పేటలకు, చెరువులకు, తోపులకు, గట్లకు, రేవులకు వారు వాడు పేర్లను వ్రాసికొననిండు. ఒక పుస్తకమున గళ్ళు గీసి, తెలుగు పేరు, ఒడియా పేరు, ఆంగ్లమున వాడుక, స్థలము గుర్తు, చెప్పిన తేదీ అని నింపవలెను. ముసలివారితోపాటు పేర్లును వెళ్ళిపోవుచున్నవి. ఈ పనిని వచ్చే యేటికి వాయిదా వేయుటకు వీలులేదు.

రెండవది, బడిలో చేయదగినది. ఆ పుస్తకములను ఉపాధ్యాయులు సరిచూచి, ఇద్దరు ముగ్గురు పెద్దలు ఒప్పుకొన్న పేర్లనే పెద్దల పర్యవేక్షణలో ఉమ్మడి పటమున చేర్పించవలెను. ఇతరులు అచ్చువేసిన పటముల నుండి నకలు చేయరాదు. ఎవరి యింటి పేరును, ఎవరి స్వంత వివరమును పటమున పెట్టరాదు. అన్నిటికంటె ముఖ్యముగ, ఒడియా పేరును చెరిపి తెలుగు పేరు వ్రాయరాదు. మన పేరునకు వేరు గడి యున్నది. దానిని నింపిన చాలును. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రమేర్పడిన నాటి నుండి మనము ఈ నేల భాషతో కలిసి బ్రతుకుచున్నాము. మన బిడ్డలు ఒడియాను చక్కగా నేర్వవలెను, బ్రహ్మపుర అను పేరును గౌరవింపవలెను, దానితోపాటు బరంపురం అను తమ యింటి మాటను మరువరాదు. ఒక ఊరికి రెండు మూడు పేర్లుండుట కొరత కాదు. తెలుగువారు హోసూరు అను పట్టణమును తమిళులు ఓసూర్ అందురు. యానామును ఫ్రెంచివారు యానాఓన్ అని వ్రాసిరి. అందువలన ఆ ఊళ్ళకు వచ్చిన లోటేమియు లేదు.

మూడవది, సంఘముగ చేయదగినది. ఏ కార్యాలయమైనను ప్రజల కొరకు పటమును కంప్యూటరు ద్వారా ప్రకటించినప్పుడు మనము మర్యాదగ మూడు ప్రశ్న లడుగవలెను. మీ సర్వరు సాఫ్టువేరు క్రొత్త రూపమేనా, అందు అక్షరసంయోజన సాధనము చేర్చబడినదా? తెలుగు ఫాంటు దానిలో ఉంచబడినదా? పేర్ల సమాచారములో తెలుగునకు గడి యున్నదా? ‘తెలుగు సాధ్యము కాదు’ అను జవాబును 2015కు ముందు కొంతవరకు అంగీకరింపవలసి యుండెడిది. ఇప్పుడు అంగీకరింపనక్కరలేదు. కాని ‘సాధ్యమే, మీ పేర్ల జాబితా ఏది?’ అని వారు తిరిగి యడిగినచో మన చేతిలో జాబితా యుండవలెను. అది లేక అడుగుట ఖాళీ చేతులతో సంతకు పోవుట వంటిది.

1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషలో బోధన జరుగుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆ అధికరణము పుస్తకములో నున్నంత మాత్రమున మన బడి నడువలేదు. మీరు పిల్లలను పంపినందున, ఉపాధ్యాయులు చెప్పినందున, దాతలు తోడ్పడినందున నడిచినది. పటముల సంగతియు నట్టిదే. సాఫ్టువేరులోని క్రొత్త సౌకర్యము ఒక తలుపు తెరచినది. లోనికి పేర్లను మోసికొని పోవలసినవారము మనమే.

ఈ పనికై సంఘము ప్రతి తరగతికి ఒక్కొక్క పేర్ల పుస్తకమును ఇచ్చుటకు నిశ్చయించినది. రాబోవు వార్షికోత్సవము నాటికి ఆ పుస్తకములు నిండియుండునని ఆశించుచున్నాము.